షార్ట్ సర్క్యూట్ అని రాసే ముందు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో ఒకే తీరు వార్త తరచూ చదువుతుంటాను. రోడ్డు మీద పోతున్న కారులో మంటలు లేచాయి, లోపలున్నవాళ్లు దూకి ప్రాణాలు దక్కించుకున్నారు, ఫైరింజన్ వచ్చేసరికి చట్రం తప్ప ఏమీ మిగల్లేదు, ‘షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమికంగా భావిస్తున్నారు’. పక్కన ఒక ఫొటో. అంతటితో సరి. ఆ కారు యజమానిని పట్టుకుని ‘అయ్యా, ఇంతకు ముందు ఎప్పుడైనా బండిలో పెట్రోలు వాసన వచ్చేదా?’ అని అడిగినట్టు మాత్రం ఏ వార్తలోనూ కనబడలేదు. నా ఉత్తరం ఆ ఒక్క ప్రశ్న గురించే. కాస్త పొడుగు రాస్తున్నాను, ఓపిక చేసుకోండి.

నేను అనంతపురంలో ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు బెంగళూరు రామమూర్తినగర్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. నాది డీజిల్ చెయ్యి. డీజిల్ కారితే దాక్కోదు. నేల మీద మరక, చేతికి జిడ్డు, పైపు చుట్టూ దుమ్ము పట్టి నల్లటి ముద్ద. కళ్లు మూసుకుని తడిమినా దొరుకుతుంది. పెట్రోలు అలా కాదు. కారిన చుక్క కారినచోటే ఆవిరైపోతుంది. కిందికి వంగి చూస్తే అంతా పొడిగానే ఉంటుంది. ఆనవాలుగా మిగిలేది వాసన ఒక్కటే. ఆ ఒక్క ఆనవాలునూ మనవాళ్లు పొద్దున్నే డ్యాష్‌బోర్డు మీద అగరొత్తి వెలిగించి, ఏసీ గాలికి సెంటు సీసా తగిలించి చెరిపేస్తారు. పెట్రోలు వాసన వస్తున్న బండిలో అగరొత్తి వెలిగించడం ఏమిటో ఆ దేవుడికే తెలియాలి.

మా అల్లుడి కారు 2014లో కొన్న చిన్న పెట్రోలు బండి. కంపెనీ పేరు అనవసరం, ఈ జబ్బు ఏ కంపెనీ బండికైనా రావచ్చు. మా మనవడు చిన్నవాడు, వెనక సీట్లో కూర్చుంటాడు. కారెక్కిన కాసేపటికి కడుపులో తిప్పుతోందంటాడు, ఒక్కోసారి వాంతి చేసుకుంటాడు. ‘వీడికి కారు పడదు’ అని ఇంట్లో తీర్మానం అయిపోయింది. వాడే నాతో అనంతపురం బస్సులో వచ్చేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా చెక్కిలాలు నములుతాడు. బస్సు పడ్డవాడికి కారెందుకు పడదు? ఇది నాకు తట్టిన మొదటి అనుమానం. రెండోది, నేను ఊరినుంచి వచ్చి వెనక తలుపు తీయగానే వాసన గుప్పుమనేది. ‘నాకేం రావడం లేదు మామా’ అనేవాడు అల్లుడు. అతనిదీ అబద్ధం కాదు. ముక్కు తీరే అంత. ఒకే వాసనలో కొన్ని నిమిషాలు కూర్చుంటే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. రోజూ నడిపేవాడి ముక్కును నమ్మొద్దు. బండిలో వాసన ఉందో లేదో తేల్చాలంటే బయటివాణ్ణి పిలిచి ఎక్కించాలి.

మొదట కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఇచ్చారు. సాయంత్రానికి ఏసీ గొట్టాలు కడిగామని, సీట్లకు నురుగు పట్టించామని పెద్ద బిల్లు చేతిలో పెట్టారు. జాబ్ కార్డులో ‘కస్టమర్ చెప్పిన వాసన గమనించలేదు’ అని రాశారు. పైగా ఒక సెంటు సీసా ఉచితం! అల్లుడికి కోపం వచ్చింది కానీ, ఆ జాబ్ కార్డు రాసినవాడు నిజమే రాశాడని నాకనిపించింది. వాసన వాళ్ల దగ్గర నిజంగానే రాలేదు. ఎందుకు రాలేదన్నదే అసలు ప్రశ్న.

డిపోలో ఏ బండి మొండికేసినా మేము ముందు లాగ్‌షీట్ తీసేవాళ్లం. ఏ రూట్లో, ఏ వేళకు, ఎంత లోడ్‌తో ఆగిపోయిందో చూస్తే సగం పని అయినట్టే. ఇక్కడ లాగ్‌షీట్ ఎక్కడిది? అల్లుడి ఫోన్లో బంకులో కట్టిన డబ్బుల మెసేజీలు వరసగా ఉన్నాయి. మా అమ్మాయి ఫోన్లో ‘వీడు మళ్లీ కక్కాడు’ అని మొగుడికి పెట్టిన మెసేజీలు ఉన్నాయి. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని తేదీలు ఒక కాగితం మీద వేశాను. ట్యాంకు ఫుల్ చేయించిన రోజు, దాని మర్నాడు వాడికి బాగుండదు. ముల్లు సగానికి దిగాక వాడు కారులోనే నిద్రపోతాడు. అంతకంటే ఏం కావాలి?

ఇంకొక సంగతి కూడా కలిసింది. మనవాళ్లు సర్వీసుకు ఇచ్చేటప్పుడు ట్యాంకులో అడుగంటా పెట్రోలు ఉంచి ఇస్తారు. ఎవరైనా లాగేస్తారేమోనని భయం. ట్యాంకు నిండినప్పుడు మాత్రమే వచ్చే జబ్బును ఖాళీ ట్యాంకుతో తీసుకెళ్లి చూపిస్తే ఏ డాక్టరు పట్టుకుంటాడు? అందుకే నేను ముందు ఫుల్ ట్యాంకు కొట్టించమన్నాను. ‘మామా, షెడ్డుకు ఇచ్చేటప్పుడు ఎవరైనా ఫుల్ చేస్తారా?’ అన్నాడు అల్లుడు. ‘నేను పక్కనే కూర్చుంటాలే’ అన్నాను.

టిన్ ఫ్యాక్టరీ అనే జంక్షన్ దగ్గర ఒక చిన్న షెడ్డు ఉంది. నడిపే కుర్రవాడిది ములబాగిలు. ఇంట్లో మాట్లాడేది తెలుగే కాబట్టి నాకు ప్రాణం లేచొచ్చింది. పక్క షెడ్డులో ఎవరో బంపరుకు వెల్డింగు పెడుతున్నారు. ముందు బండిని అక్కణ్ణుంచి తీయించి రోడ్డవతల ఖాళీ జాగాలోకి తోయించాను. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగింతలు బరువు. పైకి పోదు, నేలబారున పాకుతుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాలు కలిస్తే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ‘సరే పెద్దాయనా’ అని కుర్రవాడు విసుక్కోకుండా తోశాడు. తలుపులన్నీ తెరిచి, తాళం చెవి తీసేసి, కాసేపు గాలాడనిచ్చాం. వేలాడదీసే బల్బు వద్దని, బ్యాటరీ టార్చి ఒకటి ముందే వెలిగించి తెచ్చుకోమన్నాను. గాజు బల్బు పగిలిన క్షణంలో లోపలి తీగ ఎర్రగా కాలుతూ ఉంటుంది, అదే అగ్గిపుల్ల.

వెనక సీటు ముందు అంచు పట్టుకుని పైకి లాగితే క్లిప్పులు ఊడి సీటు లేస్తుంది. కింద కార్పెట్టు. దాని కింద అరచేయంత గుండ్రటి రేకు మూత, చుట్టూ నల్లటి జిగురు. ఆ మూత తీయగానే కుర్రవాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. లోపల పెట్రోలు ట్యాంకు నెత్తి కనబడుతుంది. పంపును ట్యాంకులోకి దించి పైన రింగుతో బిగించి ఉంటారు. రింగు కింద రబ్బరు ప్యాకింగు. ట్యాంకు నెత్తి మీద పదకొండేళ్ల దుమ్ము, ఎర్రమట్టి రంగులో. ఒక పక్క మాత్రం నెలవంక ఆకారంలో దుమ్ము లేదు, కడిగినట్టు శుభ్రంగా ఉంది. ఆ శుభ్రం అంచున ముదురు గోధుమరంగు గీత. పెట్రోలు ఊరి, దుమ్మును తోసుకుంటూ పారి, ఆరిపోయిన జాడ అది. తడి మాత్రం లేదు. ‘బండిని ఊపు’ అన్నాను. ఇద్దరు కుర్రవాళ్లు వెనక బంపరు పట్టుకుని రెండు ఊపులు ఊపారు. రింగు అంచున సన్నని మెరుపు. తెల్ల కాగితం అద్ది తీస్తే తడి చుక్క, నేను కళ్లజోడు సర్దుకునేలోపే ఆరిపోయింది.

పిల్లవాడు కూర్చునేది సరిగ్గా దాని మీదే.

ఇదంతా ఫుల్ ట్యాంకుతోనే కనబడుతుంది. బండి మలుపు తిరిగినా, స్పీడ్ బ్రేకర్ ఎక్కినా నిండు ట్యాంకులో పెట్రోలు ఎగిసి నెత్తికి కొడుతుంది. సగం ట్యాంకులో అంతెత్తు ఎగరదు. సర్వీస్ సెంటర్‌వాళ్లు ఇంకో పది ఏసీలు కడిగినా దొరికేది కాదు. జబ్బు పట్టడానికి ట్యాంకు నిండా ఉండాలి, మందు వేయడానికి మాత్రం ఖాళీ కావాలి. అందుకని సగం పైగా పెట్రోలు ఇనుప క్యాన్లలోకి దించాక, బ్యాటరీ వైరు తీసి రింగు విప్పారు. కుర్రవాడు ఉలి, సుత్తి తీశాడు. నేను ఇత్తడి కడ్డీ పెట్టి కొట్టమన్నాను. ఇనుము మీద ఇనుము పడితే నిప్పురవ్వ లేస్తుంది, ఇత్తడితో ఆ భయం తక్కువ. పాత ప్యాకింగు చేతిలోకి తీసుకుంటే గోరు దిగలేదు. వంచితే లోపలి అంచున సన్నటి పగుళ్లు. బండ్ల సామాన్లు అమ్మే జేసీ రోడ్డు నుంచి కొత్తది తెప్పించాం, మూడు వందల లోపే. సెంటు సీసాతో కలిపి ఏసీ కడిగిన బిల్లు దీనికి ఎన్ని రెట్లో అల్లుడు లెక్కకట్టి అక్కడే చెప్పాడు. నేనిక్కడ రాయను.

అయినా అంతటితో తీరలేదు. వెనక సీటు వాసన పోయింది కానీ, బండి ఎండలో నిలబెట్టి వస్తే బయట కొద్దిగా వచ్చేది. ఫుల్ చేయించిన వెంటనే సెల్ఫ్ కొడితే ఇంజను రెండు మూడుసార్లు దగ్గి గానీ అందుకునేది కాదు. ఇది ఇంకో జబ్బు. దీని మూలం బంకులో ఉంది, మీ పాఠకులందరికీ సంబంధించింది కూడా ఇదే.

ప్రతి పెట్రోలు కారులోనూ ఒక బొగ్గు డబ్బా ఉంటుంది. మెకానిక్కులు క్యానిస్టర్ అంటారు. ట్యాంకులో లేచే ఆవిరి బయటికి పోకుండా ఆ బొగ్గు పట్టి ఉంచుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు చిన్న వాల్వు ఒకటి తెరుచుకుని, ఆ ఆవిరిని ఇంజనులోకి లాగి కాల్చేస్తుంది. బొగ్గు డబ్బా పని ఆవిరితోనే. దానిలోకి పెట్రోలే పోతే బొగ్గు తడిసి ముద్దయి పనికిరాకుండా పోతుంది. పెట్రోలు దాంట్లోకి ఎలా పోతుంది? బంకులో గన్ను టక్కుమని ఆగాక కూడా మళ్లీ మళ్లీ నొక్కితే పోతుంది. గన్ను కొస దగ్గర సన్నని రంధ్రం ఉంటుంది. పెట్రోలు అక్కడిదాకా వచ్చి ఆ రంధ్రం మూసుకోగానే గన్ను తనంతట తాను ఆగుతుంది. ఆ ఆగడంలో అర్థం ఉంది. ట్యాంకులో కొంత జాగా ఖాళీగా ఉండాలని. భూమి లోపలి ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు చల్లగా ఉంటుంది. ఎండలో పది డిగ్రీలు వేడెక్కితే ముప్పై అయిదు లీటర్లకు మూడో వంతు లీటరు దాకా ఉబ్బుతుంది. గొంతుదాకా నింపిన ట్యాంకులో ఆ ఉబ్బిన పెట్రోలు ఎక్కడికి పోవాలి?

గన్ను ఆగిన తర్వాత ‘రౌండ్ చేయమంటారా సార్?’ అని అడగని బంకు ఉందా? మీటరు రెండు వేల ఎనభై మూడు చూపిస్తే రెండు వేల వంద చేస్తారు. ఒకప్పుడు దీనికి కారణం ఉండేది. చిల్లర దొరికేది కాదు, రెండు రూపాయలకు చాక్లెట్టు చేతిలో పెట్టేవారు. ఇప్పుడు చాలామంది ఫోను చూపించి కడుతున్నారు. పైసలతో సహా కట్టొచ్చు. కారణం పోయినా అలవాటు పోలేదు. ఇందులో తప్పు బంకు కుర్రవాళ్లది మాత్రమే కాదు. ‘ఇంకొంచెం పట్టుద్ది, కొట్టు’ అని పక్కన నిలబడి బండిని ఊపి మరీ నింపించుకునేవాళ్లను నేను చూశాను. మైలేజి లెక్కకట్టేవాళ్లు వీళ్లలో మొదటివరస.

బెంగళూరులో ఉన్న మనవాళ్లకు దీనికి ఇంకో ప్రత్యేక కారణం ఉంది. ఆంధ్రలో పెట్రోలు కర్ణాటక కంటే లీటరుకు కొన్ని రూపాయలు ఎక్కువ. హైవే మీద బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు వచ్చేలోపు కర్ణాటక వైపు బంకుల్లో ఏపీ వాళ్ల కార్లు బారులు తీరి ఉంటాయి. మా అల్లుడూ అంతే. అనంతపురం పోయిన ప్రతిసారీ అక్కడ ఆగి, గన్ను ఆగినా వదలకుండా మూత అంచుదాకా నింపించేవాడు. ఆ తేడా లెక్కన, గన్ను ఆగాక బలవంతంగా కూరిన ఒకటిన్నర లీటరుకు మిగిలేది పదో పరకో. ఆ బొగ్గు డబ్బా, వాల్వు మార్చడానికి ఎన్ని వేలు అయ్యాయో మా అమ్మాయి ఇప్పటికీ అంటూనే ఉంది.

మా బండి సంగతి అది. అన్ని బండ్లలోనూ వాసన ట్యాంకు దగ్గర్నుంచే రావాలని లేదు. ఎప్పుడు వస్తోందో చూసుకుంటే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. డిసెంబరు, జనవరి చలిలో పొద్దున్నే స్టార్ట్ చేయగానే వచ్చి, ఇంజను వేడెక్కాక పోతే బానెట్ కింద చూడాలి. ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల దగ్గరుండే చిన్న రబ్బరు రింగులు చలికి బిగుసుకుని సందు ఇస్తాయి, వేడికి మళ్లీ సర్దుకుంటాయి. వేడెక్కాక పోతోంది కదా అని ఇలాంటిదాన్ని వదిలేయకూడదు. అక్కడ పెట్రోలు మూడు నాలుగు బార్ల ఒత్తిడితో ఉంటుంది, కారు టైర్లో గాలికంటే ఎక్కువ. ఏ రోజు సన్నగా చిమ్ముతుందో చెప్పలేం, కింద ఎగ్జాస్ట్ కాలుతూ ఉంటుంది. సిల్క్ బోర్డు దగ్గరో హెబ్బాళ్ దగ్గరో ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు మాత్రమే ఏసీలోంచి వస్తే అదీ ముందు భాగంలోదే కావచ్చు. ఏసీకి బయటి గాలి ముందు అద్దం మొదలు దగ్గర్నుంచి వస్తుంది, బానెట్ కింది ఆవిరి సూటిగా లోపలికి చేరుతుంది. సైలెన్సరు దగ్గర ఘాటుగా ఉండి, గొట్టం లోపల నల్లటి మసి పట్టి, మైలేజి పడిపోతే అది లీకు కాదు, ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతోంది. ఆయిలు పుల్ల తీసి వాసన చూసినప్పుడు పెట్రోలు కొడుతూ, ఆయిలు మట్టం పోయకుండానే పెరిగిందంటే, కాలని పెట్రోలు కిందికి జారుతోంది. ఆ బండిని నడపకండి. ఇక ఎలుకలు. బెంగళూరు అపార్టుమెంట్ల బేస్‌మెంట్లలో ఎలుకలు వైర్లతోపాటు రబ్బరు పెట్రోలు పైపులూ కొరుకుతాయి. నిన్నటిదాకా లేని వాసన ఇవాళ వస్తే ముందు పళ్ల గాట్లు వెతకమనండి.

అన్నిటికంటే చవకైనది ట్యాంకు మూత. దాని రబ్బరు రింగు పగిలిందేమో వేలితో తడిమి చూసుకోవచ్చు. ఎండలో మూత తిప్పినప్పుడు బుస్సుమంటే కంగారు పడనక్కర్లేదు, లోపలి ఒత్తిడి పోతుందంతే.

‘ఏదైనా తేడా ఉంటే డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది కదా’ అని చదువుకున్నవాళ్లే నాతో వాదించారు. మా బండిలో ఏ లైటూ వెలగలేదు. ఆవిరి లీకును కనిపెట్టి చెప్పే ఏర్పాటు మన రోడ్ల మీది చాలా పాత కార్లలో లేదు. ‘ఎమిషన్ టెస్టు పాసయింది’ అన్నాడు అల్లుడు. ఆ టెస్టు సైలెన్సరు గొట్టంలో పుల్ల పెట్టి, అందులోంచి వచ్చే పొగను కొలిచేది. ట్యాంకు నెత్తి మీద కారేదాన్ని అది చూడదు. మా బండి చేతిలో సర్టిఫికెట్టు పెట్టుకునే పిల్లవాడికి విషం పట్టింది. విషమనే అంటాను. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. క్యాన్సర్ తెచ్చే పదార్థమని తేలిన సరుకు. అందుకే మన దేశంలో పెట్రోలులో దాన్ని నూటికి ఒక పాలు మించనివ్వరు. అంత జాగ్రత్త పడి అమ్మే సరుకును మూసిన అద్దాల కారులో పిల్లలకు పీల్పిస్తున్నాం.

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, పాత బండ్ల రబ్బరుకు కొత్త పరీక్ష వచ్చింది. బంకుల్లో పోసే పెట్రోలులో ఎథనాల్ పాలు ఏటేటా పెరిగి ఇరవై శాతానికి చేరింది. ఎథనాల్ కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది, ఆరినప్పుడు గట్టిపడేలా చేస్తుంది. ఇరవై శాతానికి తట్టుకునే పైపులు, ప్యాకింగులతో కార్లు రావడం మొదలైంది 2023 ఏప్రిల్ నుంచి. అంతకు ముందువి లక్షలకు లక్షలు ఇదే నగరంలో తిరుగుతున్నాయి. ఎథనాల్ మంచిదా చెడ్డదా అనే వాదన మీ సంపాదకీయాల్లో జరగనివ్వండి, నాకు దాంతో పనిలేదు. పదేళ్లు దాటిన బండి ఉన్నవాళ్లు మాత్రం సర్వీసులో ఆయిలు, ఫిల్టరు అడిగినట్టే రబ్బరు పైపులు, ప్యాకింగులు కూడా చూడమని అడగాలి. అడగనిదే ఎవరూ చూడరు.

మా అపార్టుమెంటు గ్రూపులో ఒకరోజు ‘గ్యాసు లీకవుతోంది, ఎవరింట్లోనో చూసుకోండి’ అని గోల. వంట గ్యాసు వాసన వేరు, అది కనిపెట్టడానికే కలిపే వాసన. నేను లిఫ్టులో కిందికి దిగి చూస్తే బేస్‌మెంటులో పెట్రోలు కొడుతోంది. మూలన ఎవరిదో స్కూటరు, కార్బురేటర్ పొంగి రాత్రంతా కారింది. కరెంటు బిల్లు మిగుల్చుదామని ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆపేసి ఉన్నాయి. నేలబారు ఆవిరి రెండో బేస్‌మెంటులోకి దిగి కూర్చుంటే పోయే దారేదీ? వాచ్‌మన్‌ను నేను ఫ్యాన్ల స్విచ్ కూడా వేయనివ్వలేదు. షట్టర్లు రెండూ ఎత్తించి, స్కూటరును చేత్తో బయటికి తోయించాం. గాలి తిరిగాక గానీ స్విచ్చు ముట్టుకోనివ్వలేదు. ఎవరైనా బీడీ వెలిగించి ఉంటే మర్నాడు మీ పత్రికలో ఏమని వచ్చి ఉండేదో ఊహించుకోగలను.

షార్ట్ సర్క్యూట్లు ఉండవని కాదు నేననేది. బయట కొని తగిలించిన హారన్లు, లైట్లు, ఫ్యూజు లేకుండా కలిపిన వైర్లు ఎన్ని బండ్లను తగలబెట్టాయో నాకూ తెలుసు. కానీ నిప్పురవ్వ ఒక్కటే బండిని నిమిషాల్లో చట్రం చేయదు. రవ్వకు అందేచోట మండేదేదో ఉండాలి. అది అక్కడికి ఎలా వచ్చిందని అడగకపోతే, తగలబడ్డ బండి కథ వైర్ల దగ్గరే ఆగిపోతుంది. చదివినవాడు తన బండి వైర్లు చూసుకుని, వాసన సంగతి మరిచిపోతాడు.

దసరా వస్తోంది. ఆయుధ పూజనాడు ఈ ఊళ్లో ప్రతి బండి ముందూ నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, బానెట్ ముందు పళ్లెంలో కర్పూరం వెలిగిస్తారు. మా వీధిలో షెడ్లు, ట్రావెల్స్ వాళ్ల వ్యానులు వరసగా ఉంటాయి, ఆ రోజు సాయంత్రం కర్పూరమే కర్పూరం. వాసన వచ్చే బండికి హారతి ఇవ్వొద్దని పూజారి చెప్పడు, మీరు చెప్పొచ్చు. దండ వేసి, కుంకుమ పెట్టి, హారతి మాత్రం దేవుడి పటం దగ్గరే ఇవ్వమనండి. మూడు వందల ప్యాకింగు మార్చాక వచ్చే ఏడాది బండికే ఇచ్చుకోవచ్చు.

పండక్కి ఊళ్లకు పోయే కార్లు ఇంకో పది రోజుల్లో హైవే ఎక్కుతాయి. గన్ను ఆగిన చోట ఆపించుకోమని, సర్వీసుకు ఇచ్చేముందు ట్యాంకు నింపి చూపించమని, దారిలో ఉన్నట్టుండి ఘాటైన వాసన వస్తే బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, అందరూ దిగి దూరంగా నిలబడమని, బానెట్ ఎత్తి చూడబోవద్దని ఒక చిన్న పెట్టె కట్టి బెంగళూరు పేజీలో వేస్తే బాగుంటుంది. మీ విలేకరులకు ఆ ఒక్క ప్రశ్న నేర్పితే ఇంకా బాగుంటుంది. అడిగితే వచ్చే జవాబులు నాకూ చదవాలని ఉంది.

ఇట్లు,
విశ్రాంత ఆర్టీసీ మెకానిక్,
రామమూర్తినగర్, బెంగళూరు